మూడు చోట్ల మూడు అంకెలు: ట్రాఫిక్ కొలత ఎంతవరకు నమ్మదగినదో తేల్చుకోవడం ఎలా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు ఒకసారి చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీ సంస్థకు 1 గిగాబిట్ లీజ్డ్ లైన్ ఉంది. గత నెల లోపలికి వచ్చిన ట్రాఫిక్‌కు 95వ పర్సెంటైల్ (5 నిమిషాల సగటుల్లో పైనున్న 5 శాతాన్ని వదిలేశాక మిగిలిన వాటిలో పెద్దది) ఎంత అంటే మీ ఎస్‌ఎన్‌ఎంపీ (రూటర్‌ను అడిగి దాని కౌంటర్లు చదివే పద్ధతి) గ్రాఫ్ సెకనుకు 612 మెగాబిట్లు అంటోంది, మీ నెట్‌ఫ్లో కలెక్టర్ (ఎవరి నుంచి ఎవరికి ఎంత ట్రాఫిక్ పోయిందో రూటర్ పంపే రికార్డులను పోగుచేసేది) 619 అంటోంది, సర్వీస్ ప్రొవైడర్ పంపిన బిల్లులో 642 అని ఉంది. రూటర్‌లో నెట్‌ఫ్లో వెయ్యి ప్యాకెట్లకు ఒకటి చొప్పున శాంపిల్ తీస్తోంది. ఈ మూడింటిలో ఏది నిజం, మన కొలత ఎంత కచ్చితమైనదో ఎలా తెలుసుకోవాలి అన్నది మీ సందేహం.

ఏది నిజం అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ఒక్కొక్క అంకె దేన్ని కొలుస్తోంది అన్న దగ్గర మొదలుపెడదాం. నా అనుభవంలో ఇలాంటి తగాదాల్లో చాలావరకు పరికరం తప్పుగా లెక్కపెట్టడం వల్ల వచ్చినవి కావు. రెండు పరికరాలు రెండు వేర్వేరు వస్తువులను సరిగ్గానే లెక్కపెట్టి, ఆ రెండింటికీ మనం ఒకే పేరు పెట్టడం వల్ల వచ్చినవి.

మీ అంకెల్లోనే ఒక ఆధారం ఉంది. ఎస్‌ఎన్‌ఎంపీ ద్వారా మనం చదివే ఇంటర్‌ఫేస్ కౌంటర్ ఈథర్‌నెట్ ఫ్రేమ్ (ఐపీ ప్యాకెట్‌ను తీగ మీద పంపేందుకు చుట్టిన పొట్లం) మొత్తాన్ని లెక్కిస్తుంది, అంటే 14 బైట్ల హెడర్, చివరన ఉండే 4 బైట్ల చెక్‌సమ్ కూడా అందులో కలుస్తాయి. సాధారణంగా వాడే నెట్‌ఫ్లో మాత్రం ఐపీ ప్యాకెట్‌లోని బైట్లనే లెక్కిస్తుంది. కాబట్టి ఒకే లింకు మీద, ఒకే సమయంలో, నెట్‌ఫ్లో అంకె ఎస్‌ఎన్‌ఎంపీ అంకె కంటే ఎప్పుడూ తక్కువగానే రావాలి. మీ దగ్గర అది ఎక్కువగా వచ్చింది. శాంపిలింగ్ వల్ల కొంత ఊగిసలాట ఉండవచ్చు గానీ, అంతకంటే ముందు అనుమానించాల్సింది యూనిట్లను. గ్రాఫ్ గీసే సాఫ్ట్‌వేర్‌లో మెగా అంటే 10,00,000 అనుకోవచ్చు, 1024ను 1024తో హెచ్చించిన 10,48,576 అని కూడా అనుకోవచ్చు. ఆర్‌ఆర్‌డీటూల్ అనే గ్రాఫింగ్ సాధనం మీద నడిచే గ్రాఫ్‌లలో బేస్ అనే సెట్టింగ్ ఉంటుంది, మెమరీ గ్రాఫ్ టెంప్లేట్‌ను కాపీ చేసి ట్రాఫిక్‌కు వాడినవారికి ఆ 1024 కూడా వెంట వచ్చేస్తుంది. మీ 612ను 1.048576తో హెచ్చించి చూడండి: 641.7 వస్తుంది. ప్రొవైడర్ అంకె 642.

అది నిజమైతే, ఇప్పుడు 641.7కూ నెట్‌ఫ్లో చూపిన 619కీ మధ్య తేడా దాదాపు 3.7 శాతం. ఒక్కో ప్యాకెట్‌కు 18 బైట్ల ఫ్రేమ్ ఖర్చు వల్ల అంత తేడా రావాలంటే సగటు ప్యాకెట్ సుమారు 490 బైట్లు ఉండాలి. దీన్ని మీరు ఊహించనక్కర్లేదు, నెట్‌ఫ్లో రికార్డుల్లోనే బైట్ల మొత్తం, ప్యాకెట్ల మొత్తం ఉంటాయి, ఒకదాన్ని ఇంకొకదానితో భాగించండి. 490కి దగ్గరగా వస్తే మూడు అంకెలూ ఒకే మాట చెబుతున్నట్టు. 900 వచ్చిందనుకోండి, ఫ్రేమ్ ఖర్చు 2 శాతమే అవుతుంది, మిగిలిన తేడాకు వేరే కారణం వెతకాలి. లైన్ మీద వీల్యాన్ ట్యాగ్ (ఒకే తీగ మీది వేర్వేరు నెట్‌వర్క్‌లను విడదీసే 4 బైట్ల గుర్తు) ఉంటే ప్యాకెట్‌కు 18కి బదులు 22 బైట్లు వేసుకోండి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పర్సెంటైల్ అంకెలను ఇలా ఒక గుణకంతో మార్చడం స్థూలంగానే సరిపోతుంది, ఎందుకంటే ప్యాకెట్ల సగటు పరిమాణం గంటగంటకూ మారుతుంది. ఈ పరీక్షను ఏదో ఒక రద్దీ గంట తీసుకుని, ఆ గంటలోని మొత్తం బైట్లతో చేయడం మేలు.

అయితే ఇదంతా అంకెలు కలిశాయి కాబట్టి కారణం ఇదే అయి ఉంటుందన్న తర్కం. యాదృచ్ఛికంగా కూడా అంకెలు కలుస్తాయి. దుకాణంలో తూకం మీద అనుమానం వస్తే ఇంకో దుకాణంలో తూయించి రెండూ పోల్చుకుంటూ కూర్చోం, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కిలో రాయి తెచ్చి పళ్లెంలో పెడతాం. నెట్‌వర్క్‌లో కూడా అంతే. ఎంత పంపామో ముందే తెలిసిన ట్రాఫిక్‌ను పంపి, ప్రతి పరికరం దాన్ని ఎంతగా చూపించిందో రాసుకోవాలి. ఈ పని చేయడానికి ఒక రాత్రి చాలు.

ఐపెర్ఫ్3 అనే ట్రాఫిక్ పరీక్ష సాధనంలో యూడీపీ (అందిందో లేదో చూడకుండా పంపే పద్ధతి) ఎంచుకుని, ప్యాకెట్‌కు 1000 బైట్ల డేటా చొప్పున సరిగ్గా 10 లక్షల ప్యాకెట్లు పంపండి. యూడీపీకి వేగం చెప్పకపోతే అది సెకనుకు 1 మెగాబిట్‌తోనే పంపుతుంది, అందుకని 200 మెగాబిట్లు అని ఇవ్వండి, 40 సెకన్లలో అయిపోతుంది. ఇప్పుడు లెక్క చూడండి. డేటా 100 కోట్ల బైట్లు. యూడీపీ హెడర్ 8, ఐపీ హెడర్ 20 కలిపితే ప్యాకెట్ 1028 బైట్లు, కాబట్టి నెట్‌ఫ్లోకు కనిపించాల్సింది 102.8 కోట్లు. ఫ్రేమ్ 1046 బైట్లు, కాబట్టి రూటర్ ఇంటర్‌ఫేస్ కౌంటర్‌లో పెరగాల్సింది 104.6 కోట్లు. చెక్‌సమ్‌ను లెక్కలోకి తీసుకోని పరికరం అయితే 104.2 కోట్లు చూపుతుంది, చాలా లినక్స్ యంత్రాలు ఇలాంటివే. వీల్యాన్ ట్యాగ్‌ను కూడా కలిపితే 105 కోట్లు. తీగ మీద నిజంగా పట్టిన చోటు 106.6 కోట్లు, ఎందుకంటే ప్రతి ఫ్రేమ్‌కు ముందు 8 బైట్ల ప్రియాంబుల్ (ఫ్రేమ్ మొదలవుతోందని చెప్పే సంకేతం), తరువాత 12 బైట్లకు సమానమైన ఖాళీ ఉంటాయి, వాటిని ఏ కౌంటరూ లెక్కించదు.

పరీక్షకు ముందూ తరువాతా కౌంటర్ల విలువలు రాసుకుని తీసివేస్తే, మీ పరికరం ఏ పొరలో లెక్కిస్తోందో ఆ ఒక్క అంకె చెప్పేస్తుంది. ఇతర ట్రాఫిక్ తక్కువగా ఉండే వేకువజామున చేయండి, పరీక్షకు ముందు 40 సెకన్లు, తరువాత 40 సెకన్లు ఏమీ పంపకుండా కౌంటర్ ఎంత పెరిగిందో చూసి ఆ సగటును తీసేయండి. ప్యాకెట్ల కౌంటర్‌ను కూడా చూడండి. అది 10 లక్షలకు దగ్గరగా లేకపోతే బైట్ల గురించి మాట్లాడుకోవడం తొందరపాటు. ఇదే పరీక్షను 100 బైట్ల డేటాతో మరోసారి చేస్తే ఫ్రేమ్ ఖర్చు ప్రభావం భూతద్దంలో పెట్టినట్టు కనిపిస్తుంది. చిన్న ప్యాకెట్లలో ఈ పొరల తేడా చిన్నది కాదు: డేటా ఏమీ లేని టీసీపీ ఏక్ (అందిందని తెలిపే) ప్యాకెట్ ఐపీ పొరలో 40 బైట్లు, ఈథర్‌నెట్ ఫ్రేమ్‌గా 64 బైట్లు, తీగ మీద 84 బైట్లు. పూర్తిగా 64 బైట్ల ఫ్రేములతో నిండిన 1 గిగాబిట్ లింకులో సెకనుకు 14,88,095 ఫ్రేములు పోతాయి, లింకులో సందు లేకపోయినా కౌంటర్ మాత్రం 762 మెగాబిట్లే చూపుతుంది. లింకు 76 శాతమే వాడుకలో ఉందని గ్రాఫ్ చూసి నిశ్చింతగా ఉండే ప్రమాదం అక్కడ ఉంది.

కౌంటర్ల గురించి ఇంకో మాట, ఇది నేను స్వయంగా దెబ్బతిన్న విషయం. చాలా ఏళ్ల క్రితం ఒక సంస్థలో లింకును 100 మెగాబిట్ల నుంచి గిగాబిట్‌కు మార్చిన కొద్ది వారాలకు, పొద్దున 11 గంటల ప్రాంతంలో 110 మెగాబిట్ల దాకా ఎక్కిన గ్రాఫ్ ఉన్నట్టుండి 20కి పడిపోయి, అరగంట తరువాత మళ్లీ పైకి లేచేది. అందరూ టీకి వెళ్లారేమో అని మా పైఅధికారి తేల్చారు, నేనూ తలూపాను. అసలు సంగతి ఏమిటంటే మేము చదువుతున్నది 32 బిట్ల కౌంటర్. అది 4,29,49,67,296 బైట్ల దగ్గర మళ్లీ సున్నాకు వస్తుంది. 5 నిమిషాలకు ఒకసారి చదివినప్పుడు, మధ్యలో ఒక చుట్టు తిరిగిందా రెండు తిరిగిందా అన్నది చదివేవాడికి తెలియదు. అందువల్ల అలాంటి గ్రాఫ్ సుమారు 114.5 మెగాబిట్లకు మించి ఎప్పటికీ చూపలేదు, నిజంగా 134 వస్తే 20 అని చూపుతుంది. 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2863 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఈ లెక్కలను విప్పి చెప్పింది: 10 మెగాబిట్ల లింకులో 32 బిట్ల కౌంటర్ 57 నిమిషాలకు, 100 మెగాబిట్లలో 5.7 నిమిషాలకు, గిగాబిట్‌లో 34 సెకన్లకే చుట్టు తిరుగుతుంది. మీ గ్రాఫ్ 612 చూపుతోంది కాబట్టి మీరు 64 బిట్ల కౌంటర్‌నే వాడుతున్నారని అర్థం. అయినా ఆ మాట ఇక్కడ ఎందుకు రాశానంటే, మీ దగ్గరే ఏ మూలనో ఉన్న పాత స్విచ్‌లను చదివే టెంప్లేట్‌లో పాత కౌంటర్ ఉండే అవకాశం ఉంది.

ఇక కాలం. వేగం అంటే బైట్లను కాలంతో భాగించడమే కాబట్టి, కాలంలో తప్పు వచ్చినా వేగంలో అంతే తప్పు వస్తుంది. పోలర్ (కౌంటర్లను నిర్ణీత వ్యవధికి ఒకసారి చదివే ప్రోగ్రాం) రద్దీగా ఉండి 300 సెకన్లకు బదులు 310 సెకన్లకు చదివి, 300తోనే భాగిస్తే 3.3 శాతం ఎక్కువ చూపుతుంది, తరువాతి సారి అంత తక్కువ చూపుతుంది. దీనికి మందు సులభం: కౌంటర్‌తో పాటు అదే అభ్యర్థనలో రూటర్ అప్‌టైమ్‌ను (ఆన్ అయినప్పటి నుంచి గడిచిన కాలాన్ని) కూడా అడిగి, రెండు అప్‌టైమ్‌ల తేడాతో భాగించాలి. కాలాన్ని కొలిచేదీ బైట్లను కొలిచేదీ ఒకే యంత్రం అయినప్పుడు దారిలోని ఆలస్యం లెక్కను చెడగొట్టదు. అప్‌టైమ్ కూడా సెకనులో నూరో వంతుల్లో నడిచే 32 బిట్ల అంకె, 497 రోజులకు అదీ సున్నాకు వస్తుంది, ఆ ఒక్క రోజు గ్రాఫ్‌లో వింత శిఖరం కనిపిస్తే కంగారు పడకండి. మరీ తరచుగా చదవడం వల్ల కూడా మేలు లేదు. కొన్ని రూటర్లలో లైన్ కార్డులు తమ కౌంటర్లను కొన్ని సెకన్లకు ఒకసారే పైకి చెబుతాయి, సెకనుకోసారి అడిగేవారికి ఒకసారి సున్నా, ఇంకోసారి అసలు వేగానికి ఎన్నో రెట్లు కనిపిస్తాయి.

నెట్‌ఫ్లోకు కాలం విషయంలో మరో జబ్బు ఉంది. ఒక పెద్ద డౌన్‌లోడ్ సాగుతున్నంతసేపూ దాని బైట్లు రూటర్ లోపలే పోగవుతాయి, యాక్టివ్ టైమవుట్ అనే గడువు అయ్యాకే రికార్డు బయటికి వస్తుంది. సిస్కో రూటర్లలో ఈ గడువు డిఫాల్ట్‌గా 30 నిమిషాలు. కలెక్టర్ ఆ అరగంట బైట్లన్నింటినీ రికార్డు అందిన 5 నిమిషాల ఖాతాలో వేస్తే, 1 గిగాబిట్ లింకు మీద 2 గిగాబిట్ల శిఖరం కూడా కనిపిస్తుంది. 95వ పర్సెంటైల్‌కు శిఖరాలే కీలకం కాబట్టి, ఆ గడువును 60 సెకన్లకు తగ్గించేదాకా నెట్‌ఫ్లో నుంచి వచ్చిన పర్సెంటైల్‌ను బిల్లుతో పోల్చవద్దని నా సలహా. ఆ రికార్డులు యూడీపీ మీద వస్తాయి, దారిలో పోతే మళ్లీ రావు. కానీ ప్రతి ఎగుమతి ప్యాకెట్‌లోనూ వరుస సంఖ్య ఉంటుంది, అందులో ఎన్ని గెంతులు ఉన్నాయో చూస్తే ఎంత పోయిందో తెలుస్తుంది. ఈ లెక్కను చూపించని కలెక్టర్‌ను నేను నమ్మను.

శాంపిలింగ్ వల్ల వచ్చే తప్పును మాత్రం చేతి లెక్కతోనే అంచనా వేయవచ్చు, ఎందుకంటే దానికి గణితం ఉంది. ఒక రకం ట్రాఫిక్ నుంచి శాంపిల్‌లోకి వచ్చిన ప్యాకెట్లు ఎన్నో చూసి, 196ను ఆ సంఖ్య వర్గమూలంతో భాగిస్తే, 95 శాతం నమ్మకంతో తప్పు ఎన్ని శాతం లోపు ఉంటుందో వస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది: వెయ్యికి ఒకటి అన్న నిష్పత్తి తప్పును నిర్ణయించదు, శాంపిల్‌లో పడిన ప్యాకెట్ల సంఖ్యే నిర్ణయిస్తుంది. మీ లింకులో సెకనుకు 619 మెగాబిట్లు, సగటు 490 బైట్లు అంటే సెకనుకు సుమారు 1,58,000 ప్యాకెట్లు, 5 నిమిషాల్లో 4.7 కోట్లు, శాంపిల్‌లో 47 వేలు. తప్పు 0.9 శాతం. ఇది ప్యాకెట్ల సంఖ్యకు. బైట్లకైతే ప్యాకెట్ పరిమాణాలు 40 నుంచి 1500 దాకా చెదిరి ఉంటాయి కాబట్టి ఒకటిన్నర శాతం దాకా వేసుకోవచ్చు. కాబట్టి 3.7 శాతం తేడాను శాంపిలింగ్ ఒక్కటే మోయలేదు, పైన చెప్పిన ఫ్రేమ్ ఖర్చు ఉండాల్సిందే.

అదే డేటాతో డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేర్లకు ఐపీ చిరునామాలు వెతికే) ట్రాఫిక్ ఎంత అని అడిగితే పరిస్థితి మారిపోతుంది. మొత్తం ప్యాకెట్లలో దాని వాటా వెయ్యో వంతు అయితే శాంపిల్‌లో 47 ప్యాకెట్లు, తప్పు దాదాపు 29 శాతం. మొత్తానికి బాగా పనికొచ్చే కొలత భాగాలకు పనికిరాకపోవచ్చు. ఇక ఫ్లోల (ఒక్కో సంభాషణకు చెందిన ప్యాకెట్ల వరుసల) సంఖ్యను శాంపిల్‌లో చూసి వెయ్యితో హెచ్చించడం పూర్తిగా తప్పు. 10 ప్యాకెట్ల చిన్న ఫ్లో కంటపడే అవకాశం 1 శాతం, 1000 ప్యాకెట్ల ఫ్లోకు 63 శాతం. రెండింటినీ ఒకే అంకెతో హెచ్చిస్తే వచ్చేది దేని సంఖ్యా కాదు.

ప్యాకెట్లన్నీ పట్టుకుని చూస్తే గొడవే ఉండదు కదా అని మీరు అడగవచ్చు. నేనూ అలాగే అనుకున్నవాడినే. స్విచ్‌లో మిర్రర్ పోర్టు (ట్రాఫిక్ నకలు ఇచ్చే పోర్టు) పెట్టి, ప్యాకెట్లను పట్టి దాచే టీసీపీడంప్ నడిపితే, రెండు దిశల్లో కలిపి 2 గిగాబిట్లు పోగల లింకును 1 గిగాబిట్ పోర్టులోకి తోస్తున్నామన్న సంగతి ముందుగా గుర్తుంచుకోవాలి. పొంగిన ప్యాకెట్లను స్విచ్ చప్పుడు చేయకుండా పారేస్తుంది, టీసీపీడంప్ చివరన చెప్పే కెర్నల్ నష్టాల లెక్కలో అవి రావు. ఆ నష్టాన్ని పట్టుకోవడానికి ఒక చక్కని దారి ఉంది. టీసీపీలో అవతలివాడు అందిందని ఏక్ పంపిన డేటా మన క్యాప్చర్‌లో కనిపించకపోతే, అది నెట్‌వర్క్‌లో పోలేదు, మన కొలతలో పోయింది. క్యాప్చర్‌ను విప్పి చూపే వైర్‌షార్క్ ఇలాంటి చోట్ల గుర్తు పెడుతుంది, ఆ గుర్తుల సంఖ్యే మీ క్యాప్చర్ లోపానికి కొలమానం. క్యాప్చర్‌లో 1500 దాటిన, ఒక్కోసారి 64 కిలోబైట్ల దాకా ఉన్న ప్యాకెట్లు కనిపిస్తే, నెట్‌వర్క్ కార్డు ఆఫ్‌లోడ్ ముక్కలను ముందే అతికించి ఇచ్చిందని అర్థం. అలాంటప్పుడు ప్యాకెట్ల సంఖ్య, పరిమాణాల పంపిణీ రెండూ నమ్మదగినవి కావు, ఈథ్‌టూల్ అనే లినక్స్ ఆదేశంతో ఆఫ్‌లోడ్‌ను ఆపి మళ్లీ తీయండి.

5 నిమిషాల సగటును బిల్లుకు వాడండి, లింకు ఆరోగ్యానికి వాడకండి. 30 సెకన్లు పూర్తిగా నిండి మిగతా 270 సెకన్లు ఖాళీగా ఉన్న లింకు కూడా 10 శాతమే అని చూపుతుంది, ఆ 30 సెకన్లలో ప్యాకెట్లు పోగొట్టుకున్నవారికి ఆ సగటు ఏ ఓదార్పూ ఇవ్వదు. అమెరికా టెలికాం పరిశోధన సంస్థ బెల్‌కోర్ పరిశోధకులు 1994లో ప్రచురించిన ఈథర్‌నెట్ అధ్యయనం ట్రాఫిక్‌లోని ఎగుడుదిగుళ్లు సెకనులో చూసినా నిమిషాల్లో చూసినా గంటల్లో చూసినా దాదాపు ఒకే తీరున ఉంటాయని చూపింది. మన లెక్కకు దీని అర్థం, ఎక్కువసేపు కొలిచి సగటు తీస్తే తప్పు త్వరగా తగ్గిపోతుందన్న మామూలు నమ్మకం ఇక్కడ అంతగా పనిచేయదు. ఒక వారం గ్రాఫ్ చూసి వచ్చే నెల ట్రాఫిక్‌కు దశాంశాలతో అంచనా చెప్పేవారి దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండండి.

మళ్లీ మీ బిల్లు దగ్గరికి వస్తాను. పర్సెంటైల్‌ను పర్సెంటైల్‌తో పోల్చడం కంటే ముందు, నెల మొత్తం బైట్లను పోల్చండి. నెల మొదటి రోజు అర్ధరాత్రి 64 బిట్ల కౌంటర్ విలువ, చివరి రోజు అర్ధరాత్రి విలువ, రెండింటి తేడా. మధ్యలో రూటర్ రీస్టార్ట్ కాకపోతే ఇందులో పోలింగ్ సమయాల తేడా లేదు, సగటుల గొడవ లేదు, యూనిట్ల పేచీ లేదు. ఒకే తీగకు ఆ చివర ప్రొవైడర్ బయటికి పంపినదీ ఈ చివర మీరు అందుకున్నదీ బైటు బైటుకూ కాకపోయినా, శాతంలో పదో వంతు లోపు కలవాలి. కలవకపోతే అటువైపు అదనపు ట్యాగులు ఉన్నాయా, వారు మీ పోర్టునే చదువుతున్నారా, ఇంకెవరి వీల్యాన్ అయినా దానితో కలిసిందా అని అడగాలి.

మొత్తాలు కలిసి పర్సెంటైల్ మాత్రం కలవకపోతే లోపం లెక్క చేసే పద్ధతిలో ఉంటుంది. 30 రోజుల నెలకు 5 నిమిషాల శాంపిళ్లు 8640, అందులో పైనున్న 432ను, అంటే 36 గంటల రద్దీని, వదిలేసి 433వ దాన్ని తీసుకుంటారు. ప్రొవైడర్ పోలర్, మీ పోలర్ ఒకే క్షణంలో మొదలుకావు కాబట్టి ఆ 433వది ఇద్దరికీ ఒకటే కానక్కర్లేదు, అయినా అది చిన్న తేడాయే. పెద్ద తేడా వచ్చేది అందని శాంపిళ్లను సున్నాలుగా లెక్కిస్తున్నారా, వదిలేస్తున్నారా అన్న దగ్గర. మీ గ్రాఫింగ్ సాఫ్ట్‌వేర్ పాత డేటాను కుదించే దగ్గర కూడా వస్తుంది. ఎంఆర్‌టీజీ అనే గ్రాఫింగ్ సాఫ్ట్‌వేర్ తీరులో వారం గ్రాఫ్‌కు 30 నిమిషాల సగటులు, నెల గ్రాఫ్‌కు 2 గంటల సగటులు మాత్రమే మిగులుతాయి. వాటి నుంచి తీసిన పర్సెంటైల్‌లో శిఖరాలు అరిగిపోయి మీ అంకె సాధారణంగా తక్కువగానే వస్తుంది. 5 నిమిషాల అసలు విలువలను కనీసం 40 రోజులు దాచుకునేలా ఈరోజే మార్చుకోండి.

ప్రొవైడర్‌కు ఉత్తరం రాసేటప్పుడు మీ అంకె తప్పు అని మొదలుపెట్టకండి. వారి 8640 శాంపిళ్ల ఫైలు, ఏ ఇంటర్‌ఫేస్‌లో ఏ కౌంటర్ చదివారో, మెగా అంటే ఎంత అని వేశారో అడగండి. దానికి మీ రాత్రి పరీక్ష ఫలితాన్ని జత చేయండి: ఇన్ని బైట్లు పంపాము, మా కౌంటర్ ఇంత చూపింది, మీది ఆ 40 సెకన్లలో ఎంత చూపింది అని. నేను ఊహించినట్టు తేడా అంతా మీ గ్రాఫ్‌లోని 1024 వల్లే అయితే, బిల్లు కట్టేసి ఆ టెంప్లేట్‌ను సరిచేసుకోవడమే మిగిలింది. కాకపోతే ఆ ఫైలులోని ఒక రద్దీ గంట అంకెలను ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.